ట్రైబ్యునల్ వార్తలు రాయడం, 3వ పాఠం: కేసు నంబరుతోనే సగం కథ తెలుస్తుంది

పోయిన పాఠంలో విచారణ హాల్లోకి వెళ్ళి కూర్చోవడం చూశాం. మామూలుగా ట్రైబ్యునల్ విచారణలు బహిరంగమే కాబట్టి, రహస్య విచారణ అని బెంచ్ ప్రత్యేకంగా చెబితే తప్ప వెనక బెంచీలో ఎవరైనా కూర్చోవచ్చు. నోరు, ఫోను రెండూ సైలెంట్‌లో ఉంటే చాలు. వీడియోలో చూస్తున్నా సరే, రికార్డింగ్, స్క్రీన్‌షాట్ జోలికి పోవద్దు. ఇవాళ్టి పని ఇంకా చిన్నది, కానీ కొత్త విలేకరులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: కేసు నంబరు చదవడం.

లాయర్ ఫోన్ చేసి "మన కేసు రేపు వస్తోందండీ" అంటే వెంటనే అడగాల్సింది ఆయన వాదన ఏంటని కాదు, నంబరెంత, ఏ బెంచ్, ఆ రోజు లిస్టులో ఐటెమ్ నంబరు ఎంత అని. నంబరు చేతిలో ఉంటే కాజ్ లిస్ట్ (ఆ రోజు వినే కేసుల జాబితా), పాత ఆర్డర్లు, తర్వాతి వాయిదా అన్నీ ట్రైబ్యునల్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. అది లేకపోతే ఆ లాయర్ చెప్పిందే మీ వార్త అవుతుంది, ఆయనేమో ఒక పక్షం మనిషి.

పర్యావరణ కేసులు వినే నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్, అంటే ఎన్‌జీటీతో మొదలుపెడదాం. 2010 చట్టంతో వచ్చిన ఈ ట్రైబ్యునల్ ప్రధాన బెంచ్ ఢిల్లీలో ఉంది, మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని సదరన్ జోన్ బెంచ్ కిందికి వస్తాయి. అందుకే ఇక్కడి పర్యావరణ కేసు అనగానే అందరూ చెన్నై లిస్టే తెరుస్తారు, చాలాసార్లు దొరుకుతుంది కూడా. కానీ విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైన కేసు చూడండి. ప్రమాదం జరిగింది 2020 మే 7న. మర్నాడే ఎన్‌జీటీ తనంతట తానుగా కేసు తీసుకుని, 50 కోట్ల రూపాయలు విశాఖ కలెక్టర్ దగ్గర డిపాజిట్ చేయమని కంపెనీకి చెప్పి, జస్టిస్ శేషశయనారెడ్డి నేతృత్వంలో కమిటీ వేసింది. ఆ కేసు నంబరు ఓఏ 73/2020, విన్నది ఢిల్లీ ప్రధాన బెంచ్. చెన్నై లిస్టులో ఎంత వెతికినా ఏం లాభం?

ఓఏ అంటే ఒరిజినల్ అప్లికేషన్, 73 అంటే ఆ ఏడాది ఆ బెంచ్‌లో దాని వరస. నంబరు పక్కనే ఢిల్లీయా, చెన్నైయా అని బెంచ్ పేరు కూడా రాసుకునే అలవాటు చేసుకోండి, ఎందుకంటే 73/2020 అనేది వేరే బెంచ్‌లోనూ ఉండొచ్చు. ఇక పేరు "ఇన్ రీ" అని మొదలైతే ఫిర్యాదుదారు ఎవరూ లేరని, ట్రైబ్యునలే కదిలిందని అర్థం. ఎన్‌జీటీకి ఇలా సుమోటోగా కేసు తీసుకునే అధికారం ఉందా అన్న గొడవ చాలాకాలం నడిచింది, ఉందని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తేల్చింది.

కంపెనీ లా ట్రైబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ దగ్గర నంబరే వార్త రాసి పెడుతుంది, అతిశయోక్తి కాదు. హైదరాబాద్ బెంచ్‌లో దివాలా కేసు నంబరు సీపీ (ఐబీ), అంటే దివాలా చట్టం కింద కంపెనీ పిటిషన్ అని మొదలై, వరస నంబరు, తర్వాత 7 లేదా 9 లేదా 10, తర్వాత హెచ్‌డీబీ, చివర్లో సంవత్సరం ఉంటాయి. అమరావతి బెంచ్ అయితే హెచ్‌డీబీ బదులు ఏఎంఆర్. మధ్యలో ఉన్న ఆ అంకె దివాలా చట్టంలోని సెక్షన్. 7 అయితే బ్యాంకు లాంటి అప్పిచ్చినవాళ్ళు వేసింది. 9 అయితే సరుకు సరఫరా చేసినవాళ్ళో, జీతాలు రాని ఉద్యోగులో వేసింది. 10 అయితే కంపెనీ తానే వచ్చి కట్టలేనంది. ఈ మూడు వార్తలూ ఒకటి కాదు కదా!

ఇక్కడే మన పత్రికల్లో పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. సెక్షన్ 7 కింద పిటిషన్ ఫైల్ అయిన మర్నాడే "ఫలానా కంపెనీ దివాలా" అని హెడ్డింగ్. ఫైల్ చేయడం ఎవరైనా చేస్తారు, తర్వాత నోటీసు, కౌంటర్, వాయిదాలు ఉంటాయి, మధ్యలో రాజీ పడి పిటిషన్ వెనక్కి తీసుకోవడమూ మామూలే. ట్రైబ్యునల్ దాన్ని అడ్మిట్ చేస్తేనే మారటోరియం (కంపెనీపై దావాలు, వసూళ్ళు ఆగిపోవడం) మొదలవుతుంది, దివాలా ప్రక్రియ నడిపే తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ వచ్చి కంపెనీ పగ్గాలు తీసుకుంటారు. అప్పటికీ కంపెనీ మూతపడ్డట్టు కాదు, ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్ ఆర్డర్ వేరే దశ. ఫైల్ అయింది, అడ్మిట్ అయింది, లిక్విడేషన్‌కి వెళ్ళింది: ఈ మూడింట్లో మీ కేసు ఎక్కడుందో ఆర్డర్ చూసి రాయండి, లేకపోతే డెస్క్‌కి లీగల్ నోటీసు వస్తుంది, టెన్షన్ అంతా మీకు.

ఆర్డర్ వెబ్‌సైట్‌లో ఎక్కలేదనుకోండి, ఆర్టీఐ వేద్దామని చాలామంది అంటారు. కోర్టు కాగితాల నకళ్ళకు కోర్టు సొంత రూల్స్ ఉంటే ఆ దారినే వెళ్ళాలని గుజరాత్ హైకోర్టు విషయంలో సుప్రీంకోర్టు 2020 మార్చిలో చెప్పింది, కాబట్టి ట్రైబ్యునల్ దగ్గర కూడా ముందు రిజిస్ట్రీలో (ట్రైబ్యునల్ ఆఫీసులో) సర్టిఫైడ్ కాపీ రూల్స్ ఏంటో, పార్టీ కానివాళ్ళకు ఇస్తారో లేదో అడగండి. అది తేలేలోపు రెండు పక్షాల లాయర్ల దగ్గరా కాపీ అడగడం మానొద్దు.

అభ్యాసం: హైదరాబాద్ బెంచ్ కాజ్ లిస్ట్ ఒకటి తెరిచి, అందులో 7, 9, 10 సెక్షన్ల కేసులు ఏవో విడదీయండి. తర్వాత సెక్షన్ 9 కేసు ఒకటి తీసుకుని, దాని పాత ఆర్డర్లన్నీ తేదీల వరసలో చదివి, ఏ దశలో ఉందో రెండు వాక్యాల్లో రాయండి. లాయర్‌కి మాత్రం ఫోన్ చేయొద్దు. జడ్జి నోటిమాటగా అన్నదాన్ని, ఆర్డర్‌లో రాసినదాన్ని వార్తలో ఎలా వేరు చేయాలో 4వ పాఠంలో చూద్దాం, ఈ రెండు వాక్యాలతోనే మొదలుపెడతాం.