బుగ్గ ఎముక విరిగాక మొహం మొద్దుబారితే ఏం చెయ్యాలి

కాలవ గట్టు మీద బండి జారో, కొబ్బరిచెట్టు మీంచి పడో బుగ్గ ఎముక విరగ్గొట్టుకున్నోళ్ళు మన కోనసీమలో కనపడతానే ఉంటారండి. వాపు తగ్గినా కింద రెప్ప, ముక్కు పక్క, పై పెదవి, పైన ముందు పళ్ళు మొద్దుగా ఉంటే పక్షవాతం అని కంగారు పడొద్దు, కంటి కింద ఎముకలోంచి వచ్చే ఇన్‌ఫ్రాఆర్బిటల్ నరం నలిగితే ఇలాగే అవుద్ది. అది స్పర్శ నరం, మొహాన్ని కదిలించేది వేరు. కన్ను మూతపడకపోయినా మూతి వంకరపోయినా మాత్రం వెంటనే చూపించాలి.

కళ్ళు మూసుకుని ఇంట్లోవాళ్ళ చేత దూదిపోగుతో రెండు బుగ్గలూ తాకించుకోండి, తెలియని చోటు ఫొటో మీద గీసుకుంటే నెల తర్వాత తేడా తెలుస్తది.

అమలాపురంలోనో కాకినాడలోనో మాక్సిల్లోఫేషియల్ (మొహం, దవడ ఎముకలు చూసే) సర్జన్‌కి చూపించి సీటీ స్కాన్ తీయించండి, ఎముక జరిగి ఆపరేషన్ కావాలంటే మామూలుగా 2 వారాల్లోపే చేస్తారు కాబట్టి చూద్దాంలే అని నాన్చకండి. ముక్కు గట్టిగా చీదొద్దు. రెండుగా కనపడినా, చూపు తగ్గినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి పోవాలి.

టీ ముందు వేలితో చూసుకుని తాగండి, పెదవి కాలినా తెలీదు. పులస పులుసు కొన్నాళ్ళు ఆపండి (కష్టమే, తెలుసు), ముల్లు గుచ్చుకున్నా తెలియదు మరి. బ్లేడు బదులు ట్రిమ్మరు, వేడి కాపడం అస్సలొద్దు.

చీమలు పాకినట్టుంటే భయపడకండి, నరం కోలుకుంటుంటే అలాగే ఉంటది. దీనికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటినా కాస్త మొద్దు మిగులుద్ది. మంటలా నొప్పొస్తే మాత్రం మెడికల్ షాపులో మాత్రలు అడక్కుండా డాక్టర్‌కే చెప్పండి, నరాల నొప్పికి మందులు వేరే ఉంటాయి.