జెల్లీఫిన్ 10.11 నుంచి 10.10.7కి క్షేమంగా వెనక్కి రావడం

జెల్లీఫిన్ అంటే మన దగ్గరున్న సినిమాలు, ఎపిసోడ్లను సొంత సర్వర్ నుంచి చూపించే ప్రోగ్రామ్. దాని పాత వెర్షన్ కావాలంటే పాత ప్యాకేజీ ఎక్కిస్తే చాలనుకుంటారు చాలామంది. 10.10.7 నుంచి 10.10.6కి అయితే మామూలుగా అది పనిచేస్తుంది. 2025 అక్టోబరులో వచ్చిన 10.11తో మాత్రం కుదరదు. అంతకుముందు సినిమాలు, ఎపిసోడ్ల వివరాలు, ఎవరు ఎంతవరకు చూశారన్న లెక్క 'లైబ్రరీ.డీబీ'లో, యూజర్లు 'జెల్లీఫిన్.డీబీ'లో ఉండేవి. 10.11 మొదటిసారి స్టార్ట్ అయినప్పుడే అదంతా జెల్లీఫిన్.డీబీలోకి మార్చేస్తుంది. ఆ మార్పును తిరగదోడే దారి ప్రోగ్రామ్‌లో లేదు. మారిన డేటా మీద 10.10.7 నడిపితే డేటాబేస్ ఎర్రర్‌తో ఆగిపోవచ్చు, లేదా ఖాళీ లైబ్రరీతో పైకి రావచ్చు.

కాబట్టి వెనక్కి తేవాల్సింది ప్రోగ్రామ్ ఒక్కదాన్నే కాదు, ఆ ప్రోగ్రామ్ నడిచిన రోజుల డేటాను కూడా. అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన కాపీ ఉంటేనే ఈ పని సాగుతుంది. 10.11 డ్యాష్‌బోర్డ్‌లో కొత్తగా చేరిన బ్యాకప్ దీనికి పనికిరాదు, 10.10కి దాన్ని చదవడమే రాదు.

కాపీ తీయడం ఇలా. డెబియన్, ఉబుంటులలో డేటా '/వార్/లిబ్/జెల్లీఫిన్'లో, సెట్టింగ్స్ '/ఈటీసీ/జెల్లీఫిన్'లో ఉంటాయి. రెండూ కావాలి, అదీ ఒకే సమయంలో తీసినవి. ఎందుకంటే 10.10 వరకు ఉన్న వెర్షన్లలో, డేటాకు ఏ మార్పులు పూర్తయ్యాయో సెట్టింగ్స్ ఫోల్డర్‌లోని 'మైగ్రేషన్స్.ఎక్స్ఎంఎల్'లోనే రాసి ఉంటుంది. డేటా ఒక రోజుది, ఈ ఫైలు ఇంకో రోజుది అయితే సర్వర్ లెక్క తప్పుతుంది. క్యాష్ ఫోల్డర్ అక్కర్లేదు. సినిమా ఫైళ్లు వీటిలో ఉండవు గానీ పోస్టర్లు, ఫ్యాన్‌ఆర్ట్ ఉంటాయి, పెద్ద లైబ్రరీకి సైజు బాగానే తేలుతుంది.

కాపీకి ముందు సర్వీసును ఆపి తీరాలి. నడుస్తున్నప్పుడు ఎస్‌క్యూలైట్ (జెల్లీఫిన్ వాడే డేటాబేస్ ఇంజిన్) తాజా మార్పులను డేటాబేస్ పక్కనే '-వాల్' అన్న చివరతో ఉండే ఫైల్లో రాసుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో తీసిన కాపీ సగం పాతది, సగం కొత్తది అవుతుంది. సర్వీసు ఆపి, రూట్‌గా (అడ్మిన్ అధికారంతో) రెండు ఫోల్డర్లనూ టార్ చేసి, అంటే ఒకే ఫైలుగా కట్టి, దానిలో లైబ్రరీ.డీబీ ఉందో లేదో లిస్ట్ తీసి చూసుకోండి.

ఇక వెనక్కి రావడం:

1. సర్వీసును ఆపి, సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో మాస్క్ చేయండి, అంటే అది స్టార్ట్ కాకుండా బిగించండి. మధ్యలో మెషీన్ రీబూట్ అయితే ఇంకా ఉన్న 10.11 లేచి, మీరు అప్పుడే పెట్టిన పాత డేటాను మళ్లీ మార్చేస్తుంది. మాస్క్ దాన్ని అడ్డుకుంటుంది.

2. ఇప్పటి రెండు ఫోల్డర్లనూ చెరపకండి, పేరు మార్చి పక్కన పెట్టండి. టార్‌ను ఖాళీ చోట విప్పండి. ఉన్నదాని మీదే విప్పితే 10.11 వదిలిన -వాల్ ఫైలు పాత డేటాబేస్ పక్కన మిగిలిపోయి దాన్ని పాడుచేసే ప్రమాదం ఉంది. వెనక్కి రావడంలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

3. విప్పిన ఫైళ్ల యజమాని జెల్లీఫిన్ యూజరేనా చూడండి. రూట్ పేరున ఉంటే సర్వర్ రాయలేదు, లాగ్‌లో 'పర్మిషన్ డినైడ్' కనిపిస్తుంది.

4. జెల్లీఫిన్, జెల్లీఫిన్-సర్వర్, జెల్లీఫిన్-వెబ్ మూడింటినీ ఒకే కమాండ్‌లో, ఒకే వెర్షన్‌తో ఇన్‌స్టాల్ చేయండి. డెబియన్ 12లో వెర్షన్ పేరు '10.10.7+డెబ్12' అని ఉంటుంది, ప్యాకేజీలు ఎక్కించే ఏప్ట్‌కి డౌన్‌గ్రేడ్ అనుమతి విడిగా ఇవ్వాలి. వీడియోను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ 7ను కదపక్కర్లేదు, రెండు వెర్షన్లూ దాన్నే వాడతాయి.

5. ఏప్ట్-మార్క్ హోల్డ్‌తో ఆ మూడింటినీ కట్టేయండి. లేకపోతే తర్వాతి అప్‌గ్రేడ్ మిమ్మల్ని మళ్లీ 10.11లో పడేస్తుంది. తర్వాత మాస్క్ తీసి స్టార్ట్ చేయండి.

డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను విడి కంటైనర్‌లో నడిపేవారికి 4, 5 మెట్లు మారతాయి: కంపోజ్ ఫైల్లో 'లేటెస్ట్' తీసేసి 10.10.7 ట్యాగ్ రాయాలి. వాచ్‌టవర్ లాంటి ఆటో-అప్‌డేట్ ఉంటే ఈ కంటైనర్‌కి ఆపేయాలి. కాపీ, పునరుద్ధరణ మాత్రం హోస్ట్‌లో '/కాన్ఫిగ్'కి మ్యాప్ చేసిన ఫోల్డర్‌కి, అదీ కంటైనర్ ఆపాకే.

స్టార్ట్ అయ్యాక లాగ్ చదవండి, డ్యాష్‌బోర్డ్‌లో వెర్షన్ చూడండి. పేజీ తెల్లగా వస్తే సర్వర్‌ని అనుమానించే ముందు బ్రౌజర్ క్యాష్ తుడవండి, 10.11 వెబ్ ఫైళ్లు అందులో ఉండిపోయి ఉండొచ్చు. ప్లగిన్లు డేటా ఫోల్డర్‌తోపాటే పాతవి వచ్చేస్తాయి. 10.11 కోసం వచ్చిన ప్లగిన్ ఫోల్డర్లను పక్కన పెట్టిన కాపీలోంచి తెచ్చి కలపొద్దు, 10.10 వాటిని లోడ్ చేయదు. అప్‌గ్రేడ్ తర్వాత చూసినవి, కొత్తగా చేర్చిన యూజర్లు, మార్చిన పాస్‌వర్డ్‌లు పోతాయి. ఇంట్లో వాళ్లకు ఆ మాట ముందే చెప్పడం మంచిది. ఆ తర్వాత చేర్చిన సినిమాలకు మాత్రం లైబ్రరీ స్కాన్ చాలు.

పాత కాపీ లేనేలేదా? అప్పుడు నిజాయితీగా రెండే దారులు. ఖాళీ డేటా ఫోల్డర్‌తో 10.10.7ను కొత్తగా పెట్టి, యూజర్లను మళ్లీ చేసి, చూసిన లెక్క వదులుకోవడం ఒకటి. 10.11లోనే ఉండి, ఆ సిరీస్‌లో వచ్చిన తాజా సవరణ ఎక్కించి చూడడం రెండోది. మీ ఇబ్బంది ఏదో ఒక ప్లగిన్ వల్లో, ఒక్క టీవీ యాప్ వల్లో అయితే రెండోదే మేలు.