మలిన్ మొక్క పూలు చూడాలంటే రెండేళ్లు ఓపిక పట్టాలి

మిషిగన్‌లో ఉండే మనవాళ్లు హైవే పక్కన గుంజ పాతినట్టు నిటారుగా నిలబడి పసుపుపచ్చటి పూలు పూసే మొక్కని చూసే ఉంటారు, అదే మలిన్. నర్సరీలో వెర్బాస్కమ్ అని అడగండి. చాలామంది కలుపు అని పీకేస్తారు గానీ ఎండ బాగా తగిలే మూల ఖాళీగా ఉంటే దీన్ని మించిన మొక్క నాకైతే కనపడలేదు.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, మొదటి ఏడాది పూలు రావు. నేలకి అంటుకుని గుండ్రంగా ఆకులు పరుచుకుంటాయి, అంతే. ఆ ఆకు ఒక్కసారి ముట్టుకుని చూడండి, జిల్లేడాకు మీద బూడిద రాసినట్టు ఉంటుంది కదా, ఇది దానికన్నా మందం, కంబళి ముక్క పట్టుకున్నట్టే ఉంటుంది, పొద్దున్నే మంచు బొట్లు ఆ నూగు మీద నిలబడిపోతాయి. చలికాలం మంచు కింద అలాగే బతికి, రెండో వేసవిలో మధ్యలోంచి కాడ లేస్తుంది, ఐదారు అడుగులు ఈజీగా.

విత్తనాలు గసగసాల కన్నా సన్నం. మన తోటకూర విత్తనాల్లాగే ఇసకలో కలిపి మే చివర్లోనో జూన్‌లోనో పైపైన చల్లేయండి, మట్టి మాత్రం కప్పొద్దు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. మొలిచాక అడుగున్నర, రెండడుగులకి ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. వేరు ముల్లంగిలా లోతుకి దిగుతుంది కాబట్టి పెద్దయ్యాక చోటు మార్చొద్దు.

ఎరువు వద్దు. కంపోస్ట్ ఎక్కువైతే కాడ మెత్తబడి గాలికి వాలిపోతుంది, గులకరాళ్ల నేలైనా పర్లేదు, నీళ్లు నిలవకపోతే చాలు. నేను మొదటిసారి మల్లెచెట్టుకి పోసినట్టు రోజూ పోశాను, నడిమి మొగ్గ కుళ్లి ఆకులన్నీ చేతికి ఊడొచ్చేశాయి, చాలా బాధేసింది. వేళ్లు కుదురుకున్నాక వానలు సరిపోతాయి, బాగా ఎండగొడితే అప్పుడప్పుడు పోయండి.

ఒక్కో పువ్వు ఒక్కరోజే, పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుంటుంది. అందుకే పొద్దున కాఫీ పట్టుకుని వెళ్లండి, తేనెటీగలు కూడా అప్పుడే వస్తాయి.

పూత అయిపోతుండగానే, కాయలు ఎండకముందే కాడ కోసేయండి, ఇది మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు. ఒక్క మొక్కకే లక్షకు పైగా విత్తనాలు రావచ్చు, అవి మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఈస్ట్ లాన్సింగ్‌లో బీల్ అనే ప్రొఫెసర్ 1879లో సీసాల్లో విత్తనాలు పోసి పాతిపెట్టారు, 2021లో ఒక సీసా తవ్వి చూస్తే దాదాపు 142 ఏళ్ల తర్వాత కూడా మొలిచినవి మలిన్ జాతివే! విత్తనం కావాలంటే ఒక్క కొమ్మకి పేపర్ బ్యాగ్ కట్టి ఉంచండి, చాలు. కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ నూగు తగిలితే దురద.

కొలరాడోలో ఉన్నవాళ్లు నాటొద్దు, అక్కడ ఇది హానికర కలుపు లిస్టులో ఉంది. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల అడిగేవాళ్లకి కూడా చెప్తున్నా, దీనికి గట్టి చలి పడాలి, అది లేకుండా పూత మీద ఆశ పెట్టుకోకండి.