రోడ్ సైకిల్ ఎంచుకుందాం – 2వ పాఠం: స్టాక్, రీచ్

పోయిన పాఠంలో గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకాన్ని పైకి నొక్కిపెట్టి, నేల నుంచి దాని పైఅంచు వరకు కొలుచుకున్నాం. బూట్లతో కొలిచినవాళ్లు దయచేసి ఉత్త కాళ్లతో మళ్లీ కొలవండి. ఈ పాఠం కోసం ఆ కొలత 80 సెంటీమీటర్లు అనుకుందాం.

80ని 0.883తో గుణిస్తే 70.6 వస్తుంది. క్రాంకులు (పెడళ్లు బిగించే కడ్డీలు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన దూరం అది. అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఇది. అందరికీ అచ్చంగా కుదరదు గానీ, మొదటిసారి సీటు బిగించుకోవడానికి చాలు. ఆ ఎత్తులో కూర్చుని, కిందికి వచ్చిన పెడల్ మీద మడమ పెట్టండి. మోకాలు నిటారుగా రావాలి, నడుము ఒక పక్కకు వాలకూడదు.

సీటు ఎత్తును చాలా ఫ్రేముల మీద తెచ్చుకోవచ్చు. సీట్‌పోస్ట్ (సీటును మోసే కడ్డీ) కాస్త లాగితే పని అయిపోతుంది. చేతులు ఎంత దూరం చాచాలి అన్నది మాత్రం ఫ్రేమే చాలావరకు నిర్ణయిస్తుంది, కొన్నాక దాన్ని కొద్దిగానే మార్చగలం. అందుకే సైజు ఎంచుకునేటప్పుడు నేను కాళ్ల కన్నా చేతుల గురించే ఎక్కువ ఆలోచించమంటాను.

ఇది నాకు కష్టపడితే గానీ తెలియలేదు. నా మొదటి రోడ్ సైకిల్ కొన్న షాపులో గోడ మీద ఒక పట్టిక ఉండేది: ఇంత పొడుగుంటే ఇంత సైజు. నా పొడుగుకు 56 అని ఉంది, అదే కొన్నాను. సీటు ఎత్తు బాగానే కుదిరింది. కానీ గంట తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి, మెడ పట్టేసేది. హ్యాండిల్ దగ్గరవుతుందని సీటును ముందుకు జరిపాను. అప్పుడు మోకాలి ముందు భాగం నొప్పి మొదలైంది. సీటు ముందు వెనకలు పెడల్‌ను, మోకాలిని బట్టి కుదుర్చుకోవాల్సినవి. హ్యాండిల్ అందడం లేదని సీటు జరపకండి.

అసలు ఆ 54, 56 అంకెలు ఎక్కడివి? పాత ఫ్రేముల్లో పై గొట్టం నేలకు సమాంతరంగా ఉండేది. సీటు కింది గొట్టం పొడవు సెంటీమీటర్లలో చెబితే ఫ్రేమ్ మొత్తం ఎంతుంటుందో అంచనా దొరికేది. 1990ల చివర్లో జెయింట్ కంపెనీ తన టీసీఆర్ సైకిళ్లలో పై గొట్టాన్ని వెనక్కి వాల్చింది, తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. దాంతో సీటు గొట్టం పొట్టిదైంది, సైజు అంకె పేరుకే మిగిలింది. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఒకేలా ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకండి. ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలతోనూ ఇదే తంటా.

నమ్మదగినవి రెండు కొలతలు. క్రాంక్ ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు భాగంలో, హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం) పైఅంచు దాకా నిట్టనిలువు ఎత్తు స్టాక్. అదే ఇరుసు నుంచి అదే పైఅంచు మధ్య దాకా అడ్డంగా ఉన్న దూరం రీచ్. కంపెనీలు ఇచ్చే జామెట్రీ (ఫ్రేమ్ కొలతల) పట్టికలో ఇవి మిల్లీమీటర్లలో ఉంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి నెమ్మదిగా చదవండి. మొదటి ఫ్రేమ్ స్టాక్ 545, రీచ్ 385. రెండోది స్టాక్ 565, రీచ్ 378. చూడగానే మొదటిది 7 మిల్లీమీటర్లు పొడుగు అనిపిస్తుంది. కానీ రెండింటి హ్యాండిళ్లనూ ఒకే ఎత్తుకు తేవాలంటే మొదటిదానికి 20 మిల్లీమీటర్ల స్పేసర్లు (హ్యాండిల్ కింద పెట్టే రింగులు) ఎక్కువ వేయాలి. హెడ్ ట్యూబ్ వెనక్కి వాలి ఉంటుంది కదా, అందుకే ప్రతి 10 మిల్లీమీటర్ల స్పేసర్‌కు హ్యాండిల్ సుమారు 3 మిల్లీమీటర్లు మన వైపు జరుగుతుంది. అంటే 385లోంచి 6 పోతే 379. ఈ రెండు ఫ్రేములూ మీ చేతులకు దాదాపు ఒక్కటే! అదే మూడో ఫ్రేమ్ స్టాక్ 565, రీచ్ 388 అయితే అది నిజంగానే పొడుగు. స్టాక్ సమం చేయకుండా రీచ్‌లను పోల్చకండి.

రెండు సైజుల మధ్య పడితే? మామూలుగా చిన్నదే తీసుకోమంటాను. స్టెమ్ (హ్యాండిల్ను ముందు నుంచి పట్టుకునే ముక్క) 10 మిల్లీమీటర్లు పొడుగుది వేసుకోవచ్చు, సీట్‌పోస్ట్ దాని మీది హద్దు గీత దాటకుండా లాగవచ్చు. పెద్ద ఫ్రేమ్ తీసుకుంటే పొట్టి స్టెమ్‌తో కొంత దగ్గర చేసుకోవచ్చు గానీ, హ్యాండిల్‌ను హెడ్ ట్యూబ్ కన్నా కిందికి దించడం కష్టం. అయితే కాళ్లు పొడుగు, నడుం నుంచి పైభాగం పొట్టి అయినవాళ్లు జాగ్రత్త. వాళ్ల సీటు చాలా పైకి వెళ్తుంది, చిన్న ఫ్రేమ్ మీద హ్యాండిల్ మరీ కిందికి పడిపోయినట్టు ఉంటుంది. స్పేసర్లు ఎన్ని వేయవచ్చో ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) తయారీదారు పెట్టిన హద్దు దాటకూడదు. వాళ్లకు స్టాక్ ఎక్కువగా ఉండే ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ (దూర ప్రయాణాలకు హాయిగా ఉండేలా చేసినది) నయం.

ఈసారి ఇంటిపని. మీకు హాయిగా ఉండే డ్రాప్ హ్యాండిల్ (చివరలు కిందికి వంగిన హ్యాండిల్) సైకిల్ ఏదైనా, స్నేహితుడిదైనా సరే, చదునైన నేల మీద వెనక చక్రం గోడకు తగిలేలా నిలబెట్టండి. నేల నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచు ఎత్తు కొలిచి, అందులోంచి క్రాంక్ ఇరుసు ఎత్తు తీసేయండి: స్టాక్. గోడ నుంచి హెడ్ ట్యూబ్ పైఅంచు మధ్యకు ఉన్న దూరంలోంచి, గోడ నుంచి క్రాంక్ ఇరుసుకు ఉన్న దూరం తీసేయండి: రీచ్. స్టెమ్ పొడవు, కింద ఉన్న స్పేసర్ల ఎత్తు కూడా పక్కనే రాసుకోండి. 3వ పాఠంలో ఆ నాలుగు అంకెలతో కొత్త ఫ్రేముల పట్టికలు చదువుదాం.