ఆఫీసు మెట్ల మీద, హోటల్లో సిగరెట్ పొగ ఆపించడం ఎలా?

అమీర్‌పేటలో మా ఆఫీసున్న కాంప్లెక్స్‌లో, మూడో అంతస్తు మెట్ల మలుపు దగ్గర సగానికి కోసిన ప్లాస్టిక్ నీళ్ల సీసా ఒకటి ఉండేది. అడుగున ఇసుక, ఇసుకలో గుచ్చిన సిగరెట్ పీకలు. దానికి జానెడు పైన, గోడ మీద ‘పొగ తాగరాదు’ బోర్డు. నాతో పనిచేసే అమ్మాయికి అప్పుడు ఆరో నెల. లిఫ్ట్ ఆగిపోయిన రోజల్లా చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ మలుపు దాటేది.

నాలుగు నెలల పాటు నేను అక్కడ తాగేవాళ్లనే అడిగాను. ఎవరూ గొడవ పడలేదు. ‘సారీ అన్నా’ అని ఆర్పేసేవాళ్లు. మర్నాడు అదే చోట ఇంకొకరు ఉండేవాళ్లు. ఒకరోజు మా వాచ్‌మన్ ఆ సీసాలో ఇసుక మారుస్తుంటే చూశాను. మేనేజరే మార్చమన్నాడట, పీకలు మెట్ల మీద పడకుండా. నేను ఇన్నాళ్లూ అడగాల్సిన మనిషిని వదిలేసి వేరేవాళ్లను అడుగుతున్నానని అప్పుడు తెలిసింది. మీరు ఆ పొరపాటు చేయకండి. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించే చట్టం తాగేవాడితో పాటు, ఆ చోటుకు బాధ్యుడైన మనిషిని కూడా పట్టుకుంటుంది. మీరు పట్టుకోవాల్సింది ఆ రెండో మనిషిని.

1. ఆ చోటు చట్టం కిందికి వస్తుందా చూసుకోండి

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని అందరూ కోట్పా అంటారు. అందులోని సెక్షన్ 4 బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. దానికి రాసిన నిబంధనలు 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లో ఉన్నాయి. ఆసుపత్రులు, హోటళ్లు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బడులు, లైబ్రరీలు, బస్సులు, సినిమా హాళ్లు, షాపింగ్ మాల్స్ అన్నీ ఇందులోకి వస్తాయి. పనిచేసే చోటు కూడా బహిరంగ ప్రదేశమే. ప్రైవేటు ఆఫీసు కదా, మా ఇష్టం అంటే కుదరదు.

ఆరుబయట ఖాళీ స్థలాలను చట్టం మినహాయించింది. కానీ బస్టాపు, రైల్వే స్టేషన్, స్టేడియం లాంటివి ఆరుబయట ఉన్నా నిషేధం ఉంటుంది. అంటే పాన్ డబ్బా ముందు రోడ్డు మీద నిలబడి తాగేవాళ్ల మీద ఈ సెక్షన్ పెద్దగా పనిచేయదు. అదే మనిషి పక్కనున్న బస్టాపులోకి వచ్చి తాగితే పనిచేస్తుంది.

సొంత ఫ్లాట్ లోపల తాగేవాళ్లను దీనితో ఆపలేం. అపార్ట్‌మెంట్ లిఫ్టు, మెట్లు, సెల్లార్ సంగతైతే అసోసియేషన్ సమావేశంలో తీర్మానం చేయించి నోటీసు అంటించడం దగ్గరి దారి.

2. బోర్డును చివరి దాకా చదవండి

నిబంధనల ప్రకారం బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ‘ఇక్కడ పొగ తాగడం నేరం’ అని రాసి ఉండాలి. ప్రవేశ ద్వారం దగ్గర, ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్ట్ దగ్గర పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా తాగుతుంటే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు కనపడేలా ఉండాలి. మన సిటీలో బోర్డులకు కొదవ లేదు. పేరు రాసిన బోర్డే కనపడదు. మా కాంప్లెక్స్ బోర్డు మీద పేరు రాయాల్సిన గీత ఖాళీగానే ఉండేది. పేరు లేకపోతే ఫిర్యాదు ఎవరికీ చేరదు, చేరనప్పుడు ఎవరూ కదలరు. నాకు తెలిసి ఈ చట్టం అమలు నీరుగారిపోయేది మొదట ఆ ఖాళీ గీత దగ్గరే.

ఇంకొక మాట. బహిరంగ ప్రదేశంలో యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ అందుబాటులో ఉంచడం కూడా నిబంధనలకు విరుద్ధమే. ఆ కోసిన సీసా కూడా యాష్‌ట్రే కిందే లెక్క.

3. తాగేవాళ్లతో ఒక్క మాట చాలు

‘అన్నా, ఇక్కడ వద్దు, జర బయటికి పోయి తాగండి’ అని మెల్లగా చెప్పి ముందుకు వెళ్లిపోండి. వాదన పెట్టుకోవద్దు. ముఖ్యంగా ఒంటరిగా ఉన్నప్పుడు, రాత్రిపూట అసలే వద్దు. వాళ్ల ముఖాలు ఫోటో తీయకండి, గొడవలు అక్కడే మొదలవుతాయి. బోర్డు, పీకలు, యాష్‌ట్రే ఫోటోలు తీసుకుని తేదీ, టైమ్ రాసిపెట్టుకోండి.

4. బాధ్యుడికి కాగితం మీద రాసివ్వండి

నోటిమాటగా చెబితే ‘చూస్తాం సార్’ అంటారు. కాగితం ఇస్తే లెక్క వేరు. ఎందుకంటే ఫిర్యాదు అందాక కూడా బాధ్యుడు పట్టించుకోకపోతే, అక్కడ ఎన్ని ఉల్లంఘనలు జరిగితే అన్నిటి జరిమానా ఆయన మీద పడుతుంది. నేను ఇచ్చిన కాగితంలో ఉన్నది ఇంతే:

‘మన కాంప్లెక్స్ మూడో అంతస్తు మెట్ల దగ్గర రోజూ సాయంత్రం 4 నుంచి 6 వరకు సిగరెట్లు తాగుతున్నారు. 2008 నిబంధనల ప్రకారం పనిచేసే చోట పొగ తాగడం నేరం. మెట్ల దగ్గర పెట్టిన యాష్‌ట్రే తీసేయించి, బోర్డు మీద ఫిర్యాదు తీసుకునే వారి పేరు, ఫోన్ నంబర్ రాయించగలరు.’

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపండి. ఒక్కరే కాకుండా నలుగురు సంతకాలు చేస్తే ఇంకా మంచిది. మేం ఐదుగురం చేశాం.

5. హోటళ్లలో, బార్లలో ఏం చూడాలి?

30 లేదా అంతకన్నా ఎక్కువ సీట్లున్న రెస్టారెంట్, 30 గదులున్న హోటల్, విమానాశ్రయం మాత్రమే పొగ తాగేవాళ్లకు వేరే గది పెట్టుకోవచ్చు. పబ్బులు, బార్లు, కాఫీ హౌస్‌లు కూడా రెస్టారెంట్ కిందికే వస్తాయి. అంటే ఆరు టేబుళ్ల చిన్న ఇరానీ కేఫ్‌లో ఆ వెసులుబాటు అసలే లేదు.

ఆ గదికి నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, దానంతట అదే మూసుకునే తలుపు, పొగను నేరుగా బయటికి పంపే ఏర్పాటు ఉండాలి. రాకపోకల దారిలో ఉండకూడదు. 2017 సవరణ తర్వాత ఆ గదిలో తిండి, తాగుడు ఏదీ సర్వ్ చేయకూడదు. అద్దం తెర అడ్డం పెట్టి, బీరు పోస్తూ ‘స్మోకింగ్ జోన్’ అంటే చెల్లదు. హుక్కా పార్లర్లనైతే 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ చట్టం చేసి నిషేధించింది. నడుస్తున్నట్టు కనపడితే మేనేజర్‌తో మాట్లాడి లాభం లేదు, పోలీసులకే చెప్పండి.

6. కదలిక లేకపోతే అధికారుల దగ్గరికి

100కు గానీ 112కు గానీ ఫోన్ చేయవచ్చు. కానీ గస్తీ కానిస్టేబుల్ వచ్చి అందర్నీ పంపించేస్తే పని అక్కడితో ఆగిపోతుంది. పోలీసుల్లో ఈ జరిమానా వేసే అధికారం ఎస్సై, ఆపై స్థాయి వాళ్లకే ఉంది. అందుకే మీ కాగితం కాపీ, ఫోటోలు జోడించి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆసుపత్రిలో సూపరింటెండెంట్, బడిలో హెడ్‌మాస్టర్, రైల్వే స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్ వాళ్ల పరిధిలో వాళ్లే జరిమానా వేయవచ్చు. రైల్లో ఉంటే 139కి ఫోన్ చేయండి.

జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 2003లో రాసిందే ఇప్పటికీ ఉంది. 2,000కు పెంచాలని 2020 నాటి ముసాయిదాలో ప్రతిపాదించారు గానీ అది చట్టం కాలేదు. ఇంత తక్కువ మొత్తానికి తాగేవాడు భయపడడు. మేనేజర్‌కు మాత్రం తన పేరు మీద కాగితం నడవడమే పెద్ద టెన్షన్.

7. సమాచార హక్కు కింద అడగండి

అమలు ఎలా ఉందో తేల్చుకోవడానికి 10 రూపాయల దరఖాస్తు చాలు. ‘గత సంవత్సరం మీ స్టేషన్ పరిధిలో కోట్పా సెక్షన్ 4 కింద ఎన్ని చలానాలు రాశారు, వాటిలో యజమానుల మీద ఎన్ని?’ అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ రెండో సంఖ్య గురించి తప్పక అడగండి.

కాగితం ఇచ్చిన పదకొండో రోజున మా మెట్ల దగ్గర ఆ సీసా లేదు. బోర్డు మీది ఖాళీ గీతలో మేనేజర్ పేరు, ఫోన్ నంబర్ మార్కర్‌తో రాసి ఉన్నాయి. రోజూ అక్కడ తాగేవాళ్లలో ఒకతను మానేయాలనుకుంటున్నానంటే, నేనే 1800-11-2356 నంబర్ రాసిచ్చాను. పొగాకు మాన్పించడానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైన్ అది. మీ కాంప్లెక్స్ బోర్డు కింద ఆ నంబర్ కూడా రాయించండి.