స్మార్ట్ కీ లోపలే ఉండి కారు లాక్ పడిందా? ముందు ఏం చూడాలి, అసలు ఎందుకు పడింది

లోపల పిల్లలో పెద్దవాళ్లో ఉంటే మిగతాది చదవొద్దు. వాళ్లకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర గట్టి వస్తువుతో కొట్టండి, పక్కనున్నవాళ్లతో 112కు ఫోన్ చేయించండి. డ్రైవర్ ఎదురుగా ఉండే పెద్ద అద్దం (విండ్‌షీల్డ్) జోలికి పోవద్దు. దాని రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ఊడి రాదు. మే నెల నల్లగొండ ఎండలో మూసిన బండిలో పది నిమిషాలు కూడా చాలా ఎక్కువ. అద్దం మళ్లీ వేయించుకోవచ్చు.

ఎవరూ లేకపోతే నాలుగు డోర్లు, డిక్కీ ఒక్కొక్కటిగా లాగి చూడండి. అందరూ డ్రైవర్ డోర్ ఒక్కటి లాగి, లాక్ పడిన కార్లు తెరిచే పని చేసే నాకు ఫోన్ చేస్తారు. నేను సామాను సర్దుకుని నార్కట్‌పల్లి దాకా పోతే వెనక ఎడమ డోర్ లాక్ పడకుండానే ఉంటుంది. ఒక లాక్ మోటారు బలహీనపడితే ఆ డోర్ ఒక్కటి అలా మిగిలిపోతుంది. దయచేసి ఐదూ లాగి చూశాకే ఫోన్ తీయండి.

ఐదూ పడి ఉంటే ఇంట్లో ఉన్న రెండో కీ తెప్పించుకోవడం అన్నిటికన్నా మేలు. బ్లూలింక్, కియా కనెక్ట్ లాంటి యాప్ మీ బండికి పనిచేస్తుంటే అందులోనే అన్‌లాక్ ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఫోన్ దగ్గర రిమోట్ నొక్కితే ఇక్కడ డోర్ తెరుచుకుంటుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. రిమోట్ నుంచి వెళ్లేది రేడియో సిగ్నల్, ఫోన్ మోసేది శబ్దం. ఇవేవీ కుదరకపోతే ఇన్సూరెన్స్ కాగితం మీద రోడ్డు సహాయం నంబరు ఉందేమో చూడండి, లేదా గాలి సంచితో డోర్ కొంచెం ఎడం చేసి, పొడుగు కడ్డీతో లోపలి బటన్ నొక్కే మనిషిని పిలవండి. అద్దం సందులో ఇనప స్కేలు దూర్చనివ్వొద్దు. డోర్ లోపల వైర్లు ఉంటాయి, కొన్ని బండ్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా ఉంటుంది.

ఇక ఎందుకు పడిందో చూద్దాం.

సమస్య: "నేను లాక్ నొక్కనే లేదు. డిక్కీలో సామాను పెట్టి మూశాను, అంతే."

ఇది నన్ను బాగా దెబ్బతీసిన కేసు. చిట్యాల నుంచి ఒక కుటుంబం అమావాస్యకు చెరువుగట్టు గుడికి వచ్చి గుట్ట దగ్గర ఇలాగే ఇరుక్కుంది. డోర్ తీసిచ్చి, లాక్ మోటారు చెడిందనుకుని మార్చాను, డబ్బులూ తీసుకున్నాను. మూడు వారాలకు అదే బండి సాగర్‌లో మళ్లీ లాక్ పడింది. అప్పుడు ఆ సార్‌ను షాపుకు పిలిచి, డ్రైవర్ అద్దం పూర్తిగా దించి, "ఆ రోజు ఏం చేశారో అదే చేయండి" అన్నాను. ఆయన దూరం నుంచి రిమోట్ నొక్కి నేరుగా డిక్కీ తెరిచారు. సంచులు సర్దుతుండగా డోర్లు టక్‌మని మళ్లీ లాక్ పడ్డాయి. డిక్కీ దగ్గర ఉన్న ఆయనకు అది వినపడనే లేదు. రెండు చేతులూ నిండటంతో కీని స్టీలు డబ్బాల సంచిలో వేసి డిక్కీ మూసేశారు.

జరిగేది ఇది. అన్‌లాక్ నొక్కాక దాదాపు అర నిమిషంలో ఏ డోరూ తెరవకపోతే, పొరపాటున నొక్కారనుకుని బండి తనంతట తనే లాక్ వేసుకుంటుంది. కొన్ని బండ్లలో డిక్కీ తెరవడం డోర్ తెరిచినట్టు లెక్కలోకి రాదు. మామూలుగా కీ లోపల ఉందని కనిపెట్టి బండి బీప్ కొట్టాలి. దానికి బండిలోని యాంటెనాలు కీని పిలుస్తాయి, కీ జవాబివ్వాలి. కీలోని సెల్ (బిళ్లలాంటి చిన్న బ్యాటరీ, కాయిన్ సెల్ అంటారు) నీరసంగా ఉంటే జవాబు రాదు. చుట్టూ స్టీలు ఉన్నా, ఫోన్‌కు ఆనుకుని ఉన్నా సిగ్నల్ దెబ్బతింటుంది. అంటే బండి దృష్టిలో కీ లోపల లేనట్టే. ఆ రోజు నేను చూడాల్సింది మోటారు కాదు, కాయిన్ సెల్.

సెల్ నీరసం ముందే తెలుస్తుంది. రిమోట్ రెండు మూడుసార్లు నొక్కాల్సి రావడం, బండికి బాగా దగ్గరికి పోతేనే పనిచేయడం, మీటర్ దగ్గర కీ బ్యాటరీ తక్కువ అని చూపించడం. ఎక్కువ కీలలో సీఆర్ 2032 ఉంటుంది, అయినా పాత సెల్ మీద నంబరు చూసే కొనండి. వంద రూపాయల లోపు పని. సంవత్సరానికోసారి మార్చేయండి.

అలవాటు కూడా మార్చుకోవాలి. డిక్కీ తెరిచేముందు డ్రైవర్ డోర్ తెరిచి, సామాను సర్దేదాకా తెరిచే ఉంచండి. కీ ప్యాంటు జేబులోనే ఉండాలి, సంచిలో వద్దు.

సమస్య: ఒక కీతో లాక్ చేశారు, రెండోది లోపలుంది. బయటి కీ ఉంది కాబట్టి బండి ఒప్పుకోవచ్చు. రెండు కీలూ ఒకే ప్రయాణానికి తేవద్దు.

సమస్య: కీ చేతిలోనే ఉంది, డోర్ రావట్లేదు. బండి బ్యాటరీయో, కీ సెల్లో అయిపోయింది. రిమోట్‌లోంచి చిన్న తాళంచెవి లాగి డ్రైవర్ డోర్ తీయండి. అలారం మోగితే భయపడకండి. సెల్ అయిపోయినదైతే రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా బండ్లు స్టార్ట్ అవుతాయి.

యాంటెనా పోవడం, కంట్రోల్ యూనిట్ చెడటం, ఎవరో సిగ్నల్ ఆపేయడం అనేవి చాలా అరుదు. సెల్ మార్చకుండా వాటి గురించి ఆలోచించొద్దు.

ఇంటి ముందే డ్రైవర్ అద్దం పూర్తిగా దించి, డోర్లన్నీ మూసి లాక్ చేసి, రిమోట్‌తో అన్‌లాక్ నొక్కి, ఏ డోరూ తెరవకుండా కీని డిక్కీలో పెట్టి మూసి, ఒక నిమిషం ఆగి చూడండి. బీప్ లేకుండా లాక్ పడితే సెల్ మార్చి మళ్లీ చూడండి. అప్పుడూ పడితే మీ బండి తీరే అది, కీ జేబు దాటనివ్వకండి. బీరువాలో ఉన్న రెండో కీకీ ఇదే పరీక్ష పెట్టండి, వాడకపోయినా దాని సెల్ తగ్గుతూనే ఉంటుంది.