కిందికి దించిన కారుకు రిమ్ములు, టైర్లు ఎలా ఎంచుకోవాలి?

పొట్టి స్ప్రింగులు వేసి కారును 30 లేదా 40 మిల్లీమీటర్లు దించితే, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న ఖాళీ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. అందుచేత అందంగా ఉందని రిమ్మును ముందు కొని, పట్టకపోతే తరువాత మడ్‌గార్డు అంచు మడిపించుకోవడం తలకిందుల పని. కొత్త స్ప్రింగులు కొంత దూరం తిరిగి సర్దుకున్న తరువాతే కొలతలు తీసుకోవాలి. తయారీ కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది కాబట్టి, ఆర్టీఓ కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ ముందే విచారించుకోవడం మంచిది.

185/60 ఆర్15 టైర్లున్న (అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 15 అంగుళాలు) ఫోక్స్‌వాగన్ పోలోను ఉదాహరణగా తీసుకుందాం. మొదట చూడవలసినది హబ్, అంటే కారు మీద రిమ్మును బిగించే భాగం. దీనికి 5 బోల్టులు, 100 మిల్లీమీటర్ల పీసీడీ (బోల్టుల మధ్య బిందువుల మీదుగా గీసిన వలయం వ్యాసం), 57.1 మిల్లీమీటర్ల నడిమి రంధ్రం ఉంటాయి. స్విఫ్ట్ పీసీడీ కూడా 100 మిల్లీమీటర్లే అయినా దానికి 4 రంధ్రాలే కనుక ఆ రిమ్ములు దీనికి పట్టవు. బయట కొన్న రిమ్ము నడిమి రంధ్రం పెద్దదైతే, సరైన కొలత గల హబ్ రింగు వేయాలి; లేకపోతే చక్రం కేంద్రంలో కూర్చోక వేగం పెరిగినప్పుడు స్టీరింగ్ వణకవచ్చు. పోలో బోల్టు కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది, బయటి రిమ్ములలో చాలావాటికి శంకువు ఆకారంలో ఉంటుంది. కాబట్టి పాత బోల్టులనే బిగించకుండా రిమ్ముకు తగినవి కొనాలి.

దించిన కారులో అసలు చిక్కు ఆఫ్‌సెట్ దగ్గర వస్తుంది. రిమ్ము వెడల్పు నడిమధ్య నుంచి అది హబ్‌కు ఆనే ముఖం దాకా ఉన్న దూరమే ఆఫ్‌సెట్; దాన్ని ఈటీ అని మిల్లీమీటర్లలో రాస్తారు. 6జె (6 అంగుళాల) వెడల్పు, ఈటీ 40 ఉన్న రిమ్మును తీసి 7జె, ఈటీ 35 రిమ్మును బిగించారనుకుందాం. వెడల్పు 25.4 మిల్లీమీటర్లు పెరిగింది, అందులో సగం చెరో వైపుకు పోతుంది. ఆఫ్‌సెట్ 5 తగ్గడం వల్ల చక్రం మొత్తం అంతమేర బయటికి జరుగుతుంది. ఫలితంగా బయటి అంచు 17.7 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 7.7 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపుకు వస్తాయి. ఈ రెండు చోట్లా ఎంత ఖాళీ ఉందో చక్రాన్ని పూర్తిగా రెండు వైపులా తిప్పి కొలవాలి.

తరువాత టైరు ఎత్తు. 185/60 ఆర్15 వ్యాసం 603 మిల్లీమీటర్లు. 195/50 ఆర్16 వ్యాసం 601, అంటే స్పీడోమీటరు లెక్క దాదాపు మారదు. 205/45 ఆర్17 వేస్తే వ్యాసం 616 అవుతుంది; ఆ పెరుగుదలలో సగం, అంటే సుమారు 6.5 మిల్లీమీటర్లు, దించిన కారులో ఇప్పటికే తగ్గిన మడ్‌గార్డు ఖాళీని ఇంకా తగ్గిస్తుంది. పైగా టైరు పక్కగోడ 111 నుంచి 92 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. స్ప్రింగు ప్రయాణం ఎలాగూ తగ్గిన కారులో గుంత దెబ్బను కొంతైనా మింగగలిగేది ఆ పక్కగోడే. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగే కారుకు 17 అంగుళాలు వద్దనే నా అభిప్రాయం. 16 చాలు, 15 ఇంకా నయం.

లోడ్ ఇండెక్స్, అంటే టైరు మోయగల బరువును తెలిపే సంఖ్య, తలుపు పక్కన ఉన్న పట్టికలోని దానికన్నా తగ్గకూడదు. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు, 82 అంటే 475. టైరు మీది నాలుగంకెల తేదీ కూడా చూడాలి: 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైనదని అర్థం.

అన్నీ కొనేముందు ఒక చక్రాన్ని బిగించి, వెనుక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి, స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పుతూ స్పీడ్ బ్రేకర్ మీదుగా నెమ్మదిగా నడిపి చూడాలి. తరువాత మడ్‌గార్డు లోపలి లైనర్ మీద రాపిడి గుర్తులు వెతకాలి. కారు దించితే క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకు వాలే కోణం), టో (చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండూ మారుతాయి కాబట్టి అలైన్‌మెంట్ చేయించకుండా వదిలితే కొత్త టైరు లోపలి అంచు ముందుగా అరిగిపోతుంది. పోలో బోల్టులను టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరొకసారి సరిచూడాలి.